ఒక్క లైను, రెండు గేమ్ బాక్సులు

నేను డ్యూటీ సమయంలో ఒక వినియోగదారుని ఇంట్లో కూర్చుని వీడియో గేమ్ ఆడానని నా సర్వీసు పుస్తకంలో రాశారు. నేను ఆడలేదు.

ఈ మాట ముందే చెప్పి మిగతాది తర్వాత చెబుతున్నాను. ఎందుకంటే మా ఆఫీసులో ఎవరికి చెప్పబోయినా మొదటి సగం విని నవ్వేవాళ్లు, రెండో సగానికి టీ తాగడానికి లేచేవాళ్లు. మీరు చిన్నవాళ్లు. మీ ఇళ్లలో గేమ్ బాక్సులుంటాయి, రౌటర్లుంటాయి. మీకైనా పూర్తిగా అర్థమవుతుందని ఆశ. పేర్లు మాత్రం ఎవరివీ రాయను. నా మీద రాసినాయన పేరు కూడా రాయను. అది నా మర్యాద.

నాది ముదిగొండ దగ్గర ఊరు. ఏడో తరగతితో బడి మానేశాను. టెలిఫోన్ శాఖలో కేబుల్ గుంత తవ్వే కూలీగా చేరాను. భద్రాచలం రోడ్డు వెంట టేకు వేళ్లను గడ్డపారతో తెంపుకుంటూ, నడుము లోతు గుంత తవ్వి, నా చేయంత లావు కేబుల్‌ను అందులో పడుకోబెట్టాం. దాని లోపల ఏముందో మాకెవరూ చెప్పలేదు. ఒకరోజు జాయింటు వేయడానికి కోసినప్పుడు తొంగి చూశాను. లోపల వందల రాగి తీగలు, జంటలు జంటలుగా, కాగితం చుట్టుకుని ఉన్నాయి. ఒక్కో జంట ఒక్కో ఇంటికట. వెంట్రుక కంటే కొంచెం లావున్న తీగలో మనిషి గొంతు ఎట్లా నడుస్తుందో తెలుసుకోవాలని అప్పుడే మనసులో పడింది.

పాత ఇంగ్లీషు నిఘంటువు ఒకటి సంపాదించి, ఆఫీసులో పారేసిన మాన్యువళ్లు ఇంటికి తెచ్చుకుని, మాట వెంట మాట వెతుక్కుంటూ చదివాను. లైన్‌మన్‌నయ్యాను, ఆ తర్వాత మెకానిక్‌నయ్యాను. తల్లాడలో చేశాను. భద్రాచలంలో చేశాను, గోదావరి ఊళ్లోకొచ్చిన ఏడాది ఎక్స్ఛేంజి బ్యాటరీలను భుజాన మోసి మేడ ఎక్కించాను. చివరికి అడవి అంచున ఒక బొగ్గు గనుల ఊరికి బదిలీ అయ్యాను. రెండు వేల ఎనిమిది, తొమ్మిది ప్రాంతం. ఈ సంగతి అక్కడిది.

అప్పుడప్పుడే మా ఫోన్ లైన్ల మీద బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. దానికి ఖమ్మంలో శిక్షణ పెడితే నన్ను పంపలేదు. ఏడో తరగతి మనిషి అక్కడికి పోయి ఏం చేస్తాడన్నారు. పోయొచ్చినవాళ్ల దగ్గర కాగితాలు అడిగి తీసుకుని, మొత్తం చేత్తో రాసుకున్నాను. పోయొచ్చినవాళ్లు మూణ్ణెల్లకు మరిచిపోయి నా నోటుబుక్కే అడిగేవాళ్లు. ఇచ్చేవాణ్ని. ఇచ్చేముందు ఒక మాట అనేవాణ్ని కూడా, దాచుకోవడం ఎందుకు.

నాతోపాటే ఆ రోడ్డు మీద గడ్డపార పట్టిన ఒకాయన అదే ఊళ్లో కేబుళ్లు అతికే జాయింటర్‌గా ఉండేవాడు. అడవి లోపలి కోయ గూడెం ఆయనది. తడిసిన జాయింటు ఎక్కడుందో మీటరు పెట్టకముందే చెప్పేవాడు. నోరు మాత్రం ఇనుప బ్రష్షు.

ఒకరోజు ఫిర్యాదుల రిజిస్టరులో ఒక వింత ఫిర్యాదు కనిపించింది. గని కార్మికుల క్వార్టర్లలోంచి. 'నెట్ వస్తుంది. ఆట తెగుతుంది. మాట పోవట్లేదు.' అంతే రాసి ఉంది. అప్పటికే రెండుసార్లు మూసేశారు, మూడోసారి వచ్చింది.

మా ఆఫీసరు కొత్తగా వచ్చాడు. కృష్ణా వైపాయన, ఇంజనీరింగ్ చదివినవాడు, వయసులో నా కొడుకంత.

"నెట్ వస్తోంది కదండీ. క్లోజ్ చేసేయండి. ఆటలు మన సర్వీసు కిందకి రావు," అన్నాడు.

నాకొక పట్టుదల ఉంది. ఫిర్యాదు రాసిన మనిషి మొహం చూడకుండా ఫిర్యాదు మూయను. సంచీ తగిలించుకుని సైకిలెక్కుతుంటే జాయింటర్ అడ్డం వచ్చాడు.

"ఏడికి?"

చెప్పాను.

"మా గూడానికి ఇప్పటిదాంక ఫోనే రాలె. ఈడ ఆటకు లైను సక్కగ లేదని నీకు రంధి పట్టుకున్నది. మంచిగున్నదే నీ కొలువు."

సైకిలెక్కి పోయాను.

తలుపు తీసింది ఒక పెద్దమ్మ. లోపల గోడకు బైబిల్ వాక్యం రాసిన క్యాలెండరు, దాని పక్కనే గని హెల్మెట్ ఒకటి మేకుకు వేలాడుతోంది. "రాండ్రి అన్నా," అని పక్కగదిలోకి తీసుకుపోయింది. "గీయనే రాసిండు కంప్లెయింట్. నా పెద్దకొడుకు. మాట్లాడడు గానీ, మీరే చూసుకోండ్రి."

మంచం మీద ముప్పై ఏళ్ల మనిషి దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. భుజాలు గట్టివి, చేతులు గట్టివి. నడుము కింద దుప్పటి ఎంతకీ కదలదు. ఎదురుగా టీవీ, దాని కింద గేమ్ బాక్సు, చేతిలో దాని రిమోటు.

"ఏంది బిడ్డా తకలీఫు?" అని అడిగాను.

టీవీ వైపు చూపించాడు. తెరమీద 'స్ట్రిక్ట్' అని ఒక ఇంగ్లీషు మాట ఉంది. సంచీలోంచి నిఘంటువు తీసి చూశాను. 'కఠినమైన' అని ఉంది. ఎవరు కఠినం, ఎవరి మీద కఠినం? అడిగితే భుజాలెగరేశాడు. ఇంటర్నెట్టు వస్తుందా అంటే "అవ్" అన్నాడు. ఫోనులో గరగర ఉందా అంటే "అవ్" అన్నాడు. ఆ గంటలో అతను ఆడిన మాటలు ఆ రెండే.

వరండాలో నీళ్లిస్తూ తల్లి చెప్పింది. అతను గనిలో సర్దార్. గని ఎరగనివాళ్లకు చెప్పాలి: కింద పనికి దిగినప్పుడు సర్దార్ ముందు నడుస్తాడు. చేతిలో కర్ర. ఆ కర్రతో పైకప్పును తట్టి, వచ్చే చప్పుడును బట్టి బండ గట్టిగా ఉందా, బోలుగా ఉందా చెబుతాడు. అతను "రాండ్రి" అంటేనే వెనకవాళ్లు అడుగేస్తారు. ఒకరోజు తట్టగానే చప్పుడు తేడా వచ్చింది. వెనకవాళ్లందరినీ కేకేసి బయటికి తరిమాడు. అతను తిరిగేలోపు కప్పు దిగింది.

"అందరు బతికిండ్రు అన్నా. ఈయన గూడ బతికిండు," అంది తల్లి. "కనీ గా దినం సంది మాట బందు పెట్టిండు. రెండేండ్లాయె. నాతోని 'అవ్', 'వద్దు', గంతే. చిన్నోడు గీ గేమ్ పెట్టె కొనుకొచ్చిండు, చేతులకన్న పని ఉంటదని. గిండ్ల దేశదేశాలోళ్లతోని మాట్లాడుకుంట ఆడొచ్చునంట. మరి లైను సక్కగుంటే గద అన్నా మాట్లాడేది."

ఆ రోజు నాకేం తోచలేదు. రెండు రోజులు గడువడిగి వచ్చేశాను.

బస్టాండు పక్కన నెట్ సెంటర్‌లో కూర్చుని ఆ కఠినమైన మాట కొట్టి వెతికాను. ఇరవై రెండు పేజీలు ప్రింటు తీయించాను. ఇంటికి తెచ్చి నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. అర్థమైనప్పుడు మాత్రం నాకు నవ్వొచ్చింది. ఇంత చిన్న సంగతి.

ఇంట్లో మోడెం ఉంటుంది చూశారా, రౌటరూ అదే, అది కాలనీ గేటు దగ్గర వాచ్‌మన్ లాంటిది. లోపలినుంచి ఎవరైనా బయటికి పోతే రాసుకుంటాడు, తిరిగొస్తే రానిస్తాడు. బయటినుంచి ముక్కూమొహం తెలియనివాడు వస్తే వెనక్కి పంపేస్తాడు. ఉత్తరాలకూ వార్తలకూ అది చాలు. ఆటకు చాలదు. ఆటలో ఎక్కడెక్కడివాళ్ల బాక్సులు నేరుగా వచ్చి మన బాక్సు తలుపు తడతాయి. వాచ్‌మన్ తిప్పి పంపేస్తే ఆట తెగుతుంది, మాట పోదు. అదే 'కఠినం'. అయితే ఏం చేయాలి? 'ఈ నంబరు తలుపు అడిగినవాణ్ని ఈ ఇంటికి పంపు' అని వాచ్‌మన్‌కు చెప్పాలి. ఆ తలుపు నంబరునే పోర్టు అంటారు. ఇల్లు రోజుకో చోటికి మారకుండా బాక్సుకు ఒక స్థిరమైన అడ్రసు రాయాలి. అంతే. రెండు గీతల పని.

పోయి రాశాను. బాక్సు ఆపి మళ్లీ పెట్టమన్నాను. తెరమీద 'కఠినం' పోయి 'ఓపెన్' వచ్చింది. దీనికి నిఘంటువు అక్కర్లేకపోయింది.

ఇంతలో జాయింటర్ సైకిలు దిగాడు. చేతులకు మోచేతుల దాకా బురద.

"కల్వర్టు కాడ జాయింట్ల నీళ్లు జొచ్చినయ్. కొత్తది ఏసిన. ఇప్పుడు గరగర ఉన్నదా?"

"నిన్ను రమ్మన్నది ఎవరు?"

"నువ్వు గిట్ల ఒక్కనివే పేరు కొట్టుకపోతె ఎట్ల?" అని వరండాలో కూర్చున్నాడు.

మంచం మీది మనిషి చెవులకు హెడ్‌సెట్టు పెట్టుకున్నాడు. మూతి దగ్గరికి చిన్న మైకు. తెరమీద నలుగురు సిపాయిలు ఒక కూలిన కట్టడం ముందు నిలబడ్డారు. ఒకడు ఇతను, మిగతా ముగ్గురు ఎవరో, ఎక్కడివాళ్లో. ముగ్గురూ లోపలికి ఉరకబోయారు.

"ఠైరో."

ఆ మాట ఎవరన్నారో నాకు ఒక క్షణం అర్థం కాలేదు.

"వెయిట్. వెయిట్. రూఫ్. ఊపర్ దేఖో. చెక్ రూఫ్."

బొంగురు గొంతు. చాలా రోజులు వాడని పంపులోంచి మొదట తుప్పు నీళ్లొస్తాయి చూడండి, అట్లా. తెరమీద అతని సిపాయి నెమ్మదిగా గుమ్మంలోకి పోయి, తుపాకి పైకెత్తి కప్పును చూశాడు. పైన ఎవడో దాక్కుని ఉన్నాడు. తుపాకి పేలింది. "ఓకే. కమ్. ఆజావ్. ఒక్కొక్కలు రాండ్రి," అన్నాడు. ఇంగ్లీషు, హిందీ, తెలుగు, అన్నీ కలిపేశాడు. ముగ్గురూ అతని వెనక ఒక్కొక్కరే వచ్చారు.

వంటగది గుమ్మంలో తల్లి చేతికి పిండితో నిలబడిపోయింది. "వాడేనా అన్నా, మాట్లాడేది?" అని నన్నడిగింది. ఎదురుగా చూస్తూనే నన్నడిగింది.

నేను జవాబు చెప్పేలోపు అతను హెడ్‌సెట్టు తీసి నాకందించాడు. "వినుర్రి కాకా," అన్నాడు.

పెట్టుకున్నాను. ఎవరిదో ఊపిరి వినిపించింది. ఎవరో ఇద్దరు నాకు తెలియని భాషలో నవ్వుకుంటున్నారు. వాళ్ల వెనక, దూరంగా, ఒక కోడి కూసింది. మన కోడే. మన ఊళ్లో కూసినట్టే కూసింది.

"ఏ దేశం బిడ్డా?"

"ఫిలిప్పీన్స్ అంట. సముద్రం నడుమ."

నేను సముద్రం చూడలేదు. నాకు తెలిసిన పెద్ద నీళ్లు గోదావరే. ఆ మంచం దగ్గర్నుంచి గొంతు బయల్దేరి, గోడ మీద మేకులు కొట్టి నేను బిగించిన తీగలో పడి, వీధి చివర తీగలు కలిసే పిల్లరు పెట్టె దాటి, కల్వర్టు దగ్గర మావాడు ఇప్పుడే మూసిన జాయింటు దాటి, ఇరవై ఏళ్ల కిందట మేమిద్దరం టేకు వేళ్ల కింద పడుకోబెట్టిన కేబుల్లోకి దిగి, ఎక్కడెక్కడో తిరిగి సముద్రం దాటి ఎవరింట్లోనో పలుకుతోంది. ఆ ఇంటి కోడి అదే దారిలో వెనక్కి వచ్చి నా చెవిలో కూస్తోంది. గుంత తవ్వేనాడు నా చేతులకు పుండ్లు పడ్డాయని ఏడ్చాను. ఆ గుంత ఎందుకో ఆ రోజు తెలిసింది. నేను బడిలో చదువుకుని ఉంటే ఇది మామూలుగా అనిపించేదేమో. చదువుకోకపోవడం వల్ల నాకు దక్కిన లాభం ఇదొక్కటే.

జాయింటర్‌ను లోపలికి పిలిచి హెడ్‌సెట్టు ఇస్తే చాలాసేపు విన్నాడు. తిరిగిచ్చి, "కోడికి గూడ లైనొచ్చింది, మా గూడానికి రాలె," అన్నాడు. ఈసారి గొంతులో కోపం లేదు.

కథ ఇక్కడ ఆగితే నేను మంచి మెకానిక్‌ని. ఆగలేదు.

రెండు నెలలకు ఆ ఇంటి చిన్నకొడుకు ఎక్స్ఛేంజికి వచ్చాడు. ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ నడుపుతాడు. ఇంకో గేమ్ బాక్సు కొన్నాడట. "అన్నతోని మాట్లాడాల్నంటే ఆట లోపలికి పోవాల్సిందే కాకా. బయట ఇంక గంతనే ఉన్నడు. ఆటల మాత్రం నన్ను గూడ వెంట తీస్కపోతనన్నడు. జర లైను కలుపుర్రి," అన్నాడు.

నేను పోయి కలిపాను. ఎట్లా కలిపాను? ఇరవై ఏళ్ల టెలిఫోన్ బుర్రతో కలిపాను. మా పనిలో ఒక ఇంట్లో రెండు ఫోన్లు కావాలంటే ఒకే జంట తీగను రెండింటికీ పంచుతాం. పారలల్ అంటాం. కాల్ వస్తే రెండూ మోగుతాయి, ఏది ఎత్తినా మాట వస్తుంది. అట్లాగే, మొదటి బాక్సుకు రాసిన తలుపు నంబరునే రెండో బాక్సుకూ రాశాను. మోడెం నోరు మూసుకుని రాసుకుంది, తప్పని చెప్పలేదు. చిన్నవాడి తెరమీద 'ఓపెన్' వచ్చింది. చాయ్ తాగి వచ్చేశాను. రెండూ ఒకేసారి ఆడించి చూడలేదు. పారలల్ ఫోన్లను ఎవరైనా ఒకేసారి ఎత్తి చూస్తారా?

ఫిర్యాదు రాలేదు. రాకపోవడమే చెడ్డదని తెలియదు నాకు. పదిరోజులకు చిన్నవాడు డ్యూటీ బట్టల మీదే మళ్లీ వచ్చాడు.

"అన్న మళ్ల బందైండు కాకా."

"ఏంది బందైంది, లైనా?"

"లైను కాదు. మనిషి. నేను ఆటలకు పోంగనే అన్నను బయటికి నూకేస్తాంది. నాలుగు రోజులు సూసిండు. నువ్వాడుకో తమ్మీ అని రిమోటు పక్కకు పెట్టిండు. అమ్మ ఏడుస్తాంది."

నేను ఇంటికి పోయి అన్నం తినకుండా ఆ ఇరవై రెండు పేజీలు మళ్లీ ముందేసుకున్నాను. పదిహేడో పేజీలో ఉంది. ఒక తలుపుకు ఒక్క ఇల్లే. రెండు రాస్తే ఒకటే నడుస్తుంది. మా మోడెం కొత్తగా రాసినదాన్ని పైన పెట్టుకుంటుంది. వచ్చినవాళ్లందరినీ తమ్ముడికి పంపి, అన్నను గేటు బయట నిలబెట్టింది. ఎవరూ నిలబెట్టలేదు, నేను నిలబెట్టాను. రెండేళ్లకు నోరు విప్పిన మనిషి నోరు నా చేత్తో మూశాను.

దానికి మందు కూడా ఆ పేజీలోనే ఉంది. మనం రాసిన రెండు గీతలూ కొట్టేయాలి. బాక్సులు తమకు కావలసిన తలుపు తామే వాచ్‌మన్‌ను అడిగి తెరిపించుకునే పద్ధతి ఒకటి మోడెంలో ఉంటుంది. అది ఆన్ చేయాలి. ఒకటి తీసుకున్న తలుపు రెండోది తీసుకోదు. అయితే మా ఆఫీసు పంపిన షీటులో అది ఆఫ్‌లో పెట్టాలని ఉంది. ఆఫీసరు దగ్గరికి పోయాను.

"షీటులో ఆఫ్ అని ఉంది కదండీ. ఆఫ్ అంటే ఆఫే," అన్నాడు.

"ఎందుకు ఆఫ్ సార్?"

"షీటులో ఉంది కాబట్టి."

ఇంత చదువు చదివిన మనిషి, ఎందుకు అని అడిగితే కాగితం చూపిస్తే నాకు ఒళ్లు మండింది. ఆ మంట ఇంకా చల్లారలేదు, మీరు గమనించే ఉంటారు. పొద్దున పది గంటలకు డ్యూటీ రిజిస్టరులో ఆ క్వార్టరు నంబరు రాసి, సంతకం పెట్టి పోయాను. దొంగతనంగా పోలేదు. అది గుర్తుపెట్టుకోండి.

చిన్నవాడు మొదటి షిఫ్టుకు పోయాడు. పెద్దవాడు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. మోడెం సరిచేశాను. రెండు బాక్సులూ ఆపి, ఒకదాని తర్వాత ఒకటి పెట్టాను. రెండింటి మీదా 'ఓపెన్' వచ్చింది. కానీ ఆ మాటను నమ్మి ఒకసారి మోసపోయాను. ఈసారి రెండూ ఒకేసారి ఆటలో ఉండాలి, కనీసం నలభై నిమిషాలు. అంతకుముందు ఒక్కోసారి తెగడానికి అరగంట పట్టేదట.

"బిడ్డా, లే. నువ్వు ఆడాలె," అన్నాను.

"వద్దు."

"తప్పు నాది. లైనుది కాదు, మీ తమ్మునిది కాదు. నేను ఫోను అనుకొని కలిపిన. ఒక్కసారి చూడు."

"రెండోదాంట్ల ఎవలు ఆడుతరు?" అన్నాడు, గోడవైపు నుంచే.

ఆలోచించాను. తల్లి నావైపు చూసింది. "నేను కూసుంట," అన్నాను.

అతను తల తిప్పాడు. నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. రెండేళ్లలో ఆ మొహం మీద నవ్వు వచ్చిందో లేదో నాకు తెలియదు గానీ, ఆ రోజు మూతి ఒక పక్కకు కదిలింది. "హెడ్‌సెట్టు పెట్టుకోర్రి," అన్నాడు.

రిమోటు మీద ఎన్ని బటన్లు ఉంటాయో మీకు తెలుసు. నాకు తెలియదు. నా సిపాయి గోడకు మొహం పెట్టి నిలబడేవాడు. తిప్పితే ఆకాశం చూసేవాడు. ఎవడో వచ్చి కాల్చేవాడు. మళ్లీ పుట్టి మళ్లీ గోడ దగ్గరికి పోయేవాడు.

"కాకా, ఎనుకకు రాండ్రి."

"వెనక ఏదిరా?"

"కుడిచేతి బొటనవేలు. కిందికి. గట్ల కాదు, మెల్లగ. ఇప్పుడు నా ఎనుక నడువుర్రి. నేను రాండ్రి అన్నదాంక రాకుర్రి."

"చచ్చిన!"

"మళ్ల పుడతరు తియ్యి. కూసోర్రి."

చెవిలో ఎవరో "రూఫ్! రూఫ్!" అని కేకలేస్తున్నారు. సంతోషంగా, ఊళ్లోకి చాలా రోజులకు వచ్చినవాణ్ని పిలిచినట్టు. "ఎవర్ని?" అన్నాను. "నన్నే కాకా. ఊకె కప్పు సూడుమంటనని గా పేరు పెట్టిండ్రు. ఇన్ని దినాల సంది ఏడికి పోయినవని అడుగుతుండ్రు." తర్వాత వాళ్లకేదో చెప్పాడు. అందరూ నవ్వారు. నా గురించే అయి ఉంటుంది.

నాకు ఆట కనబడటం లేదు. గొంతు ఒక్కటే వినబడుతోంది. ఒక గొంతు పక్క మంచం మీది నుంచి గాలిలో, అదే గొంతు కొంచెం ఆలస్యంగా హెడ్‌సెట్టులోంచి. ఒకే మనిషి రెండు దారుల్లో నా దగ్గరికి వస్తున్నాడు. "ఆగుర్రి, నేను ముందు చూస్త," అంటున్నాడు. కర్ర లేదు, గని లేదు, కాళ్లు కదలవు. కానీ ముందు నడుస్తున్నాడు, వెనకవాళ్లు ఆగుతున్నారు. గోడ మీద హెల్మెట్ వైపు చూశాను. గనిలో ఈ గొంతు విని బతికినవాళ్లు ఊళ్లో తిరుగుతున్నారు కదా అనిపించింది. నా కళ్లు మసకయ్యాయి. అందుకే ఇంకో రెండుసార్లు చచ్చాను.

ముప్పై ఎనిమిదో నిమిషంలో గుమ్మంలో నీడ పడింది. బయట జీపు చప్పుడు నేను వినలేదు, చెవులకు హెడ్‌సెట్టు ఉంది. జాయింటర్ కల్వర్టు దగ్గర ఉండి వచ్చేది చూశాడట గానీ, చెప్పడానికి ఆయన సైకిలు జీపును దాటలేకపోయింది.

"ఏం చేస్తున్నారండీ?" అన్నాడు ఆఫీసరు.

నేను లేవాలి. తెలుసు. కానీ రిమోటు వదిలితే నా సిపాయి ఆటలోంచి పోతాడు, పరీక్ష నలభై నిమిషాలు నిండకుండానే చెడిపోతుంది. వెనక్కి తిరగకుండానే అన్నాను:

"రెండు నిమిషాలు ఆగండి సార్. చచ్చిన! మళ్ల చచ్చిన!"

నిజం చెప్పాలంటే నా మీద మెమో వచ్చింది ఆటకు కాదు, ఆ రెండు నిమిషాలకు.

నలభై నిండాయి. తెగలేదు. లేచి నమస్కారం పెట్టాను. "సార్, రెండు బాక్సులూ నడిచినయ్," అన్నాను. ఆఫీసరు మంచం వైపు చూడలేదు, అతని కాళ్లవైపూ చూడలేదు. మోడెం షీటు ప్రకారం పెట్టి రమ్మని చెప్పి జీపెక్కాడు. నేను షీటు ప్రకారం పెట్టడం మరిచిపోయాను. వయసు మీదపడుతోంది కదా.

మెమోకు ఏడు పేజీల జవాబు రాశాను. వాచ్‌మన్, గేటు, తలుపు, పారలల్ ఫోను, అన్నీ రాశాను, బొమ్మ కూడా గీశాను. దాని మీద ఒక్క ముక్క రాసి తిప్పి పంపారు: వివరణ సంతృప్తికరంగా లేదు. ఆ తర్వాత సర్వీసు పుస్తకంలో ఆ వాక్యం పడింది. జాయింటర్ ఊరంతా చాటాడు, మావాడు ముసలితనంలో ఆటగాడైండని. కానీ నా మొదటి అప్పీలుకు సాక్షి సంతకం పెట్టింది ఆయనే. కల్వర్టు దగ్గర ఎవరూ చెప్పకుండా తానేసిన జాయింటు సంగతి కూడా రాసి, తనకూ ఒక మెమో తెచ్చుకున్నాడు.

నన్ను మందలించారని కాదు నా బాధ. తప్పు చేశాను కాబట్టి మందలించొచ్చు. రెండో బాక్సును ఫోను అనుకుని కలిపాను, పరీక్షించకుండా వచ్చేశాను, ఒక మనిషిని పదిరోజులు గేటు బయట పెట్టాను. అది రాయాల్సింది. అది ఎవరూ రాయలేదు. ఆ తప్పు దిద్దుకున్న రోజును తీసుకొచ్చి ఆట అని రాశారు. మనిషి చేసిన పనుల్లో అన్నిటికంటే మంచిదాన్ని పట్టుకుని నేరం కింద రాస్తే ఎట్లా ఊరుకోవాలి? మీరు చిన్నవాళ్లు, ఊరుకుంటారేమో. ఊరుకోకండి. ముందు మీ అసలు తప్పు మీరే కాగితం మీద రాసుకోండి. తర్వాత వాళ్లు రాసిన అబద్ధం మీద పోట్లాడండి.

ఏడాదికొకటి చొప్పున అప్పీలు పంపాను. ఆఫీసరు బదిలీ అయిపోయాడు. నేను రిటైరయ్యాను. ఇంట్లోవాళ్లు ఇంకా ఎందుకన్నారు. మూడో అప్పీలు తర్వాత ఎవరో ఒక కొత్త పెద్దాఫీసరు, ఆ రోజు ఆ ఇంట్లో ఉన్న వినియోగదారుణ్ని అసలు అడిగారా అని ఫైలు మీద రాశాడట. అప్పుడు ఆ క్వార్టరుకు కాగితం పంపి వాంగ్మూలం తెప్పించారు. అతను ఏం రాసిచ్చాడో నాకు చెప్పలేదు. ఆ ఇంటికి పోతే చాయ్ ఇచ్చేవాళ్లు, ఆ మాటెత్తితే "ఆఫీసు కాయిదం కాకా, బయటికి చెప్పొద్దు," అని నవ్వేవాడు. అప్పటికి అమ్మతో కూడా మాట్లాడుతున్నాడు. ఎక్కువగా కసిరేవాడు, కానీ పూర్తి వాక్యాల్లో.

ఆ తర్వాత ఒక వానాకాలం పొద్దున పోస్ట్‌మన్ రిజిస్టరు కవరు తెచ్చాడు. సంతకం పెట్టి, వరండాలో నిలబడే చదివాను. ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"మీ అప్పీలుకు సంబంధించి సదరు వినియోగదారుని వాంగ్మూలం తెప్పించి పరిశీలించడమైనది. అందులో ఆయన ఇట్లు తెలియజేసినారు: 'ఆ దినం నలభై నిమిషాలలో మెకానిక్ గారు పందొమ్మిది సార్లు చనిపోయినారు. ఒక్కరిని కూడ కొట్టలేదు. ఎక్కువసేపు గోడకు మొహం పెట్టి నిలబడినారు. దీనిని ఆడుట అంటే ఆట ఆడేవాళ్లకు అవమానం. నేను మాట్లాడుతుంటే కూర్చొని విన్నారు. అంతే.' కావున మీరు డ్యూటీ సమయంలో ఆట ఆడినట్లు నిర్ధారణ కానందున, మీ సర్వీసు పుస్తకంలోని సదరు నమోదును కొట్టివేయడమైనది."